గ్రూపులో పాలిటిక్స్ మొదలైతే ఏడుపే మిగులుతోందా? ఇలా రిపేర్ చేసి చూడండి

మా టెన్త్ బ్యాచ్ వాట్సాప్ గ్రూపుకి నేనే అడ్మిన్ని, అంటే రెండు పార్టీల వాళ్ళ తిట్లూ నాకే. ఎలక్షన్ల టైములో ముగ్గురు లెఫ్ట్ అయ్యారు, ఇద్దర్ని బతిమాలి మళ్ళీ యాడ్ చేశా. ఆ తలనొప్పిలోంచి నేర్చుకున్నవే ఇవి.

సమస్య: "ఈ రాష్ట్రం బాగుపడదు మామా" అని ఒకడు పెడతాడు, తెల్లారేసరికి 140 మెసేజ్‌లు, ఒక్కదాంట్లోనూ విషయం ఉండదు.

కారణం: తిట్టేది ఎవర్నో తిట్టేవాడికే తెలీదు. మా ఊరి రోడ్డు గురించి మేం రెండేళ్ళు ఇలాగే ఏడ్చాం, వాన పడితే గుంత ఫొటో పెట్టడం, ఎమ్మెల్యేని నాలుగు మాటలనడం, పడుకోవడం. తీరా కనుక్కుంటే ఆ రోడ్డు సగం ఒక శాఖది, సగం ఇంకో శాఖది!

పరిష్కారం: "ఇది ఎవరి పని?" అని ఒక్క ముక్క అడగండి. రోడ్డైతే పంచాయతీరాజ్‌దా, ఆర్ అండ్ బిదా, మున్సిపాలిటీదా, నేషనల్ హైవేనా? అది తేలితే సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది, 2005 నుంచీ. పది రూపాయల ఫీజుతో అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే ఇంకో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు వేసుకోవచ్చు. "ఎవరు రాస్తారు" అని అడిగితే గ్రూపంతా సైలెంట్ అయిపోతుంది, అది వేరే సంగతి, కానీ ఆ సైలెన్స్ కూడా ఒక రకంగా మంచిదే.

సమస్య: ఏం మాట్లాడినా "మరప్పుడు మీవాళ్ళేం పీకారు?" దగ్గరికే వచ్చి ఆగుతుంది.

కారణం: అవతలివాడు చెప్పేది వినట్లేదు, వాడు ఏ పార్టీయో పోల్చుకునే పనిలో ఉన్నాం. ప్రత్యేక హోదా గొడవే చూడండి. మా గ్రూపులో ఒకడు "విభజన చట్టంలోనే ఉంది, ఎగ్గొట్టారు" అంటాడు, ఇంకొకడు "అసలెవరూ మాటే ఇవ్వలేదు" అంటాడు, ఇద్దరూ తప్పే. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ ఐదేళ్ళ హోదా ఇస్తామన్నారు, చట్టంలో మాత్రం ఆ మాట రాయలేదు. పోలవరం జాతీయ ప్రాజెక్టు అని మాత్రం 90వ సెక్షన్‌లో రాశారు.

పరిష్కారం: తేదీ, సెక్షన్ ముందు పెట్టి తర్వాత వాదించుకోండి. సభలో ఇచ్చిన మాట చట్టంలోకి ఎందుకు ఎక్కలేదు, అప్పుడు పట్టుబట్టాల్సింది ఎవరు అనేది అసలు చర్చ, దానికి రెండు పార్టీల వాళ్ళూ జవాబు వెతుక్కోవాల్సిందే. కోపం తగ్గదు లెండి, కాకపోతే ఆ కోపంతో మాట్లాడుకోడానికి ఒక విషయం దొరుకుతుంది.

సమస్య: కులం పేరు ఎత్తారు.

పరిష్కారం: లేదు. డిలీట్ చేసి "రేపు మాట్లాడదాం" అని పెట్టండి. రాత్రి పది దాటాక దీన్ని రిపేర్ చేసినవాణ్ణి నేనింతవరకూ చూళ్ళేదు.

సమస్య: ఇదంతా నేర్చుకున్న అడ్మినే ఓవర్ చేయడం.

ఇది నా సొంత ఘనకార్యం. ఉద్యోగ నోటిఫికేషన్ కోసం నాలుగేళ్ళు కోచింగ్‌లో కూర్చున్న మావాడొకడు ఓ రాత్రి ప్రభుత్వాన్ని ఇష్టమొచ్చినట్టు తిట్టాడు, నేనేమో పెద్ద మేధావిలా "ఏ జీవో గురించి, నంబర్ చెప్పు" అన్నా. వాడు మారు మాట్లాడలేదు, మూడు నెలలు ఫోన్ ఎత్తలేదు. వాడికి చర్చ అక్కర్లేదు, ఎవడో ఒకడు వింటే చాలనుకున్నాడంతే. ఇలాంటి మెసేజ్ కనిపిస్తే గ్రూపులో రిప్లై పెట్టకండి, ఫోన్ చేయండి.