ఓపెన్ లిబర్టీలో కావలసిన ఫీచర్లే పెట్టుకున్నప్పుడు వచ్చే చిక్కులు: సమస్య - పరిష్కారం

చీమకుర్తి గ్రానైట్ యూనిట్లలో బ్లాకుల కొలతలు, కాటా చీటీలు, బిల్లులు నమోదు చేసుకునే చిన్న అప్లికేషన్లకు జావా ఎంటర్‌ప్రైజ్ సర్వర్ హంగులన్నీ అక్కర్లేదు. ఐబీఎం 2017లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసిన జావా సర్వర్ ఓపెన్ లిబర్టీలో, సెట్టింగులు రాసే సర్వర్.ఎక్స్ఎంఎల్ ఫైల్లో ఏ ఫీచర్ పేరు రాస్తే అదీ, దానికి ఆధారమైనవీ మాత్రమే లోడవుతాయి. కాబట్టి ఏ ఇబ్బంది వచ్చినా ముందుగా సర్వర్ తన సందేశాలు రాసే మెసేజెస్.లాగ్ ఫైల్ తెరిచి, ఇన్‌స్టాల్ అయిన ఫీచర్ల జాబితా ఉన్న వరుసను చదవాలి. ఆ వరుసలోని సందేశ కోడ్ 0012I తో ముగుస్తుంది.

సమస్య: సర్వర్ సిద్ధమైందని లాగ్‌లో ఉంది, కానీ బ్రౌజర్ సర్వర్‌ను చేరే 9080 పోర్టు తెరుచుకోలేదు.
వెబ్ అభ్యర్థనలకు జవాబిచ్చే సర్వ్‌లెట్ ఫీచర్ జాబితాలో లేకపోతే ఇలా అవుతుంది. దాన్ని చేర్చాలి. వెబ్ సర్వీసులకు వాడే రెస్ట్‌ఫుల్ డబ్ల్యూఎస్ ఫీచర్ పెట్టినవారికి సర్వ్‌లెట్ దానితోపాటే వస్తుంది.

సమస్య: అదే కంప్యూటర్లో పేజీ తెరుచుకుంటోంది, కాటా దగ్గరి కంప్యూటర్లో తెరుచుకోవడం లేదు.
సర్వర్.ఎక్స్ఎంఎల్‌లోని హెచ్‌టీటీపీ ఎండ్‌పాయింట్‌కు హోస్ట్ విలువ ఇవ్వకపోతే సర్వర్ లోకల్‌హోస్ట్‌కే, అంటే అదే కంప్యూటర్‌కే జవాబిస్తుంది. హోస్ట్ దగ్గర నక్షత్రం గుర్తు (*) పెట్టి, ఫైర్‌వాల్‌లో ఆ పోర్టుకు అనుమతి ఇవ్వాలి.

సమస్య: అప్లికేషన్ మొదలైందని లాగ్ చెబుతోంది, హోమ్ పేజీ కూడా వస్తోంది, కానీ కొలతలు నమోదు చేసే చిరునామాకు వెళ్తే 404 కనిపిస్తోంది.
ఎక్కువ సమయం తినేది ఇదే, ఎందుకంటే లాగ్‌లో ఎర్రర్ ఏదీ కనబడకపోవచ్చు. జావా ఎంటర్‌ప్రైజ్‌కు ఇప్పటి పేరు జకార్తా ఈఈ; 2020లో వచ్చిన దాని 9వ వెర్షన్‌తో కోడ్‌లోని ప్యాకేజీల పేర్లు జావాఎక్స్ (javax) నుంచి జకార్తా (jakarta)కు మారాయి. సర్వ్‌లెట్ 4.0 వరకు పాత పేర్లు, 5.0 నుంచి కొత్త పేర్లు. పాత పేర్లతో యానొటేషన్లు (ఏ చిరునామాకు ఏ కోడ్ నడవాలో చెప్పే గుర్తులు) రాసిన అప్లికేషన్‌ను సర్వ్‌లెట్ 6.0 మీద నడిపితే, సర్వర్ ఆ యానొటేషన్లను గుర్తించదు కనుక ఆ చిరునామాలు నమోదే కావు. అప్లికేషన్‌ను ఇప్పుడే మార్చే తీరిక లేకపోతే ఫీచర్‌ను 4.0కి దించాలి, తీరిక ఉంటే ఇంపోర్ట్ వరుసలు మార్చి, వాడుతున్న లైబ్రరీలను కూడా జకార్తా వెర్షన్లకు తెచ్చి మళ్లీ బిల్డ్ చేయాలి. పాత పేర్ల ఫీచర్లనూ కొత్త పేర్ల ఫీచర్లనూ ఒకే సర్వర్లో కలపడం కుదరదు.

సమస్య: డేటాసోర్స్ (డేటాబేస్ కనెక్షన్ వివరాలు) పేరు దొరకలేదని ఎర్రర్.
డేటాబేస్‌తో కలిపే జేడీబీసీ ఫీచర్ ఉందో లేదో చూడాలి. కోడ్‌లో పేరుతో వెతికి తెచ్చుకుంటుంటే జేఎన్‌డీఐ ఫీచర్ కూడా ఉండాలి. డేటాబేస్ డ్రైవర్ జార్ ఫైల్ ఫీచర్‌తో రాదు, దాన్ని విడిగా లైబ్రరీగా చూపించాలి. ఇక్కడే చాలామంది విసిగి జకార్తా ఈఈ ఫీచర్లన్నీ ఒక్కసారే చేర్చేస్తారు. దానివల్ల ఎర్రర్ పోవచ్చు గానీ మెమరీ వాడకం పెరుగుతుంది, అసలు లేనిదేమిటో ఎప్పటికీ తెలియదు. ఒక్కొక్క ఫీచరే చేర్చి, లాగ్ చూసుకుంటూ ముందుకు వెళ్లడమే సరైన పద్ధతి.

సమస్య: ఫీచర్ నిర్వచనం దొరకలేదని 0001E తో ముగిసే కోడ్‌తో సందేశం.
పేరులో గానీ వెర్షన్‌లో గానీ తప్పు లేకపోతే, ఆ ఫీచర్ సర్వర్లో లేదని అర్థం; ఫీచర్లు లేని కెర్నల్ ప్యాకేజీ మాత్రమే దిగుమతి చేసుకుని ఉండవచ్చు. ఫీచర్ యుటిలిటీ కమాండ్‌తో కావలసినవి తెచ్చుకోవాలి, దానికి సాధారణంగా ఇంటర్నెట్ అవసరం. క్వారీ దగ్గర నెట్ సరిగా లేకపోతే ఒంగోలు ఆఫీసులోనే సర్వర్‌ను పూర్తిగా సిద్ధం చేసి, ప్యాకేజ్ కమాండ్‌తో జిప్‌గా కట్టి తీసుకువెళ్లవచ్చు. ఆ కమాండ్‌లో మినిఫై ఎంచుకుంటే వాడని ఫీచర్లు ఆ జిప్‌లోంచి తొలగిపోతాయి. రేపు మరో ఫీచర్ కావలసి వస్తే ఆ కాపీలో ఉండదు కాబట్టి, కత్తిరించని సర్వర్‌ను ఆఫీసులోనే ఉంచుకోవాలి.