కడుపుతో ఉన్నప్పుడు మీ ఆయనకి కూడా హెచ్ఐవీ టెస్ట్ చేయించడం ఎలా

గవర్నమెంటు హాస్పిటల్లో గర్భిణీ చెకప్‌కి వెళ్తే షుగరు, రక్తం పర్సంటేజీతో పాటు హెచ్ఐవీ కూడా చూస్తారు కదా, ఆ టైంలో మీ ఆయన బయట బండి స్టాండ్ దగ్గర ఫోన్ చూసుకుంటూ ఉంటాడు. ఆయన్ని లోపలికి పిలిపించాలి. ఇంట్లో ముందు టెస్ట్ అయ్యేది ఆడమనిషికే కాబట్టి "నువ్వే తెచ్చావ్" అనే మాట కూడా ఆమెకే పడుతుంది. ముందు బయటపడినంత మాత్రాన ముందు సోకినట్టు కాదండీ.

అందుకే మీ రిజల్ట్ రాకముందే, మొదటి చెకప్ రోజే ఇద్దరూ రక్తం ఇచ్చేయండి. ఐసీటీసీలో, అంటే హెచ్ఐవీ సలహా చెప్పి టెస్ట్ చేసే గవర్నమెంటు సెంటర్లో, టెస్ట్ ఫ్రీ. మీరు చెప్తే వినడనుకుంటే కౌన్సెలర్‌కి చెప్పండి, ఆవిడే పిలుస్తుంది, పెళ్ళాం మాట చెవికెక్కని మగాళ్ళు కూడా హాస్పిటల్ వాళ్ళు పిలిస్తే బుద్ధిగా వస్తారు మరి. కూలి పోతుందని గొణిగితే ప్రతి నెలా 9వ తారీఖు గర్భిణీలకి స్పెషల్ చెకప్ ఉంటుంది, ఆ ఒక్కరోజు ఖాళీ పెట్టుకోమనండి.

మీకు నెగెటివ్ వచ్చిందా, అయినా ఆయన్ని వదలొద్దు. ఆయనకి ఉండి, మీకు కడుపుతోనో పాలిచ్చేటప్పుడో కొత్తగా సోకితే అప్పుడే ఒంట్లో వైరస్ బాగా ఎక్కువుంటుంది, బిడ్డకి రిస్క్ పెరుగుతుంది.

పాజిటివ్ వస్తే ఇంటికెళ్ళి మీరొక్కరే చెప్పాలని రూలేం లేదు, కౌన్సెలర్ ముందే కూర్చుని చెప్పొచ్చు. కొడతాడనో వదిలేస్తాడనో భయముంటే ముందు ఆ సంగతే కౌన్సెలర్‌కి చెప్పండి, అలాంటప్పుడు వాళ్ళు భర్తకి చెప్పకూడదని 2017 హెచ్ఐవీ చట్టంలోనే ఉంది. ఆయన రాకపోయినా మీ మందులు ఆగవు.

వచ్చాడనుకోండి, పని అప్పజెప్పండి. మందు వాడకపోతే నూటికి 15 నుంచి 45 మంది పిల్లలకి సోకొచ్చు, సరిగ్గా వాడితే 5 కంటే తక్కువ, ఈ లెక్క ఆయనకి డాక్టర్ చేతే చెప్పించండి. రోజూ ఒకే టైంకి మీ టాబ్లెట్ గుర్తుచేయడం ఆయన డ్యూటీ. ఆయనకీ పాజిటివ్ అయితే ఆయనా హెచ్ఐవీ మందులు, అంటే ఏఆర్‌టీ మొదలుపెట్టాలి, నెగెటివ్ అయితే కండోమ్ వాడుతూ మూడు నెలలకి మళ్ళీ టెస్ట్ చేయించుకోవాలి.

అసలు చిక్కు సీమంతం చేసి పుట్టింటికి పంపేటప్పుడు వస్తుంది. అక్కడ డెలివరీ ఏ హాస్పిటల్లో, మందులు ఏ సెంటర్లో తీసుకోవాలి అనేది బయల్దేరకముందే ఆయన ఏఆర్‌టీ సెంటర్‌కి వెళ్ళి రాయించుకు రావాలి. పుట్టింట్లో తెలియకపోతే టాబ్లెట్ డబ్బాని మెత్తటి గుడ్డలో చుట్టండి, బ్యాగులో అంతగా గలగలమనదు. బిడ్డ పుట్టగానే హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే సిరప్ మొదలుపెట్టి కనీసం 6 వారాలు పోయాలి, 6 వారాలకి మొదటి టెస్ట్, 18 నెలలకి ఫైనల్. ఈ డేట్లు బాలింత గుర్తుపెట్టుకోలేదు, ఆయన ఫోన్లో అలారం పెట్టించండి, టెస్ట్ రోజు బిడ్డని ఎత్తుకుని వచ్చేది కూడా ఆయనే అవ్వాలి. మధ్యలో ఏ డౌట్ వచ్చినా హెచ్ఐవీ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేయొచ్చు, ఫ్రీ నంబరే.