బియ్యంలో పురుగు వేరు, పెసల్లో పురుగు వేరు: గుర్తుపట్టి వదిలించుకోండిలా

డబ్బాలో పురుగు కనిపిస్తే అందరం చేసేది ఒకటే, ఎండలో పోసి, జల్లించి, నాలుగు వేపాకులు వేసి మూత పెట్టేస్తాం, నెల తిరక్కుండానే మళ్లీ పురుగు. ముందు అది ఏ పురుగో చూడండి.

ఒకదాన్ని తెల్ల కాగితం మీద వేయండి. తల ముందు సన్నటి తొండం, వీపు మీద ఎర్రటి మచ్చలు నాలుగు ఉంటే ముక్కు పురుగు. బియ్యం, గోధుమలు, జొన్నలు దీని తిండి. తొండం లేకుండా పొట్టిగా, గుండ్రంగా ఉండి, పొట్ట చివర రెక్కల కింద నుంచి బయటికి కనిపిస్తుంటే పుచ్చు పురుగు. ఇది పెసలు, అలసందలు, కందులు, శనగల్లో ఉంటుంది.

అసలు తేడా గుడ్డు దగ్గరే ఉంది. ముక్కు పురుగు గింజకు బెజ్జం చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. అందుకే ఎంత జల్లించినా గుడ్లున్న గింజలు మంచి బియ్యంలాగే మిగిలిపోతాయి. పుచ్చు పురుగు గుడ్డును గింజ పైనే అంటిస్తుంది, పెసల మీద తెల్ల చుక్కల్లా కనిపించేవి అవే. ఇంకో సంగతి, ముక్కు పురుగు నెలల తరబడి బతికి బియ్యం తింటూనే ఉంటుంది, పుచ్చు పురుగు మాత్రం పెద్దదయ్యాక గింజ ముట్టదు, రెండు వారాల్లోపే చస్తుంది. డబ్బాలో చచ్చిన పురుగులు చూసి పీడ పోయిందనుకోకండి, అవి గుడ్లు పెట్టేశాకే చచ్చి ఉంటాయి.

అందుకని పెసలు, అలసందల్లాంటి ముడి గింజలకు నూనె బాగా పనిచేస్తుంది. బాగా ఎండబెట్టి, చల్లారాక, కిలోకు 5 మిల్లీలీటర్ల వంటనూనె ప్రతి గింజకూ అంటేలా రుద్దండి, పైనున్న గుడ్లు ఊపిరాడక చస్తాయి. కానీ పిల్ల పురుగు గింజలోకి దూరాక నూనెతో లాభం లేదు. ఈ పురుగు చేలో కాయల మీదే గుడ్లు పెట్టి గింజతో పాటు ఇంటికి వస్తుంది కాబట్టి, కొత్త పంట రాగానే ఈ పని చేసేయండి. కందుల్ని పప్పు చేయించి పెట్టుకుంటే బెడద ఇంకా తగ్గుతుంది.

బియ్యానికి నా ఓటు డీప్ ఫ్రీజర్‌కే. గాలి చొరని కవర్లో కట్టి వారం ఉంచితే లోపలి గుడ్లూ చస్తాయి, బయటికి తీశాక చల్లదనం పోయేదాకా కవర్ విప్పకండి, లేకపోతే చెమ్మ పడుతుంది. చెమ్మ ఉంటే ముక్కు పురుగుకు పండగే. మండుటెండలో మాత్రం బియ్యం ఆరబోయకండి, గింజ పగిలి నూకవుతుంది.

ధాన్యంలో పురుగుల్ని చంపే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు ఇళ్లల్లో అసలు వాడొద్దు, వాటి నుంచి వచ్చే వాయువుకు మనుషులే చనిపోతారు.