ఇంగ్లీషు మీదుగా పోర్చుగీసు – 9వ పాఠం: చర్చించే మాటలు

గత పాఠంలో ఇంగ్లీషు ‘టు బి’కి సమానమైన ‘సేర్’, ‘ష్తార్’ అనే రెండు క్రియల తేడా తెలుసుకున్నాము. ఆ రెండింటితో చిన్న వాక్యాలు కట్టగలిగిన వారు ఇప్పుడు ఒక విషయాన్ని ఎదుటివారితో చర్చించడానికి, ఒప్పుకోవడానికి, మర్యాదగా విభేదించడానికి కావలసిన మాటలు నేర్చుకోవచ్చు. ఇలాంటి మాటల్లో చాలా భాగం ఇంగ్లీషుకూ పోర్చుగీసుకూ లాటిన్ నుంచే వచ్చాయి కనుక, ఇంగ్లీషు చదువుకున్న తెలుగువారికి అవి చూడగానే తెలిసినవిగా అనిపిస్తాయి. అయితే పోలిక ఉన్నంత మాత్రాన అర్థం ఒకటి కాదు. ఈ పాఠంలో ఎక్కువ భాగాన్ని ఆ సంగతికే కేటాయిస్తున్నాను.

ముందుగా ఉచ్చారణ గురించి చెప్పుకుందాము. ఈ పాఠాలలో లిస్బన్ పలుకుబడిని అనుసరిస్తున్నాము. అరసున్న వేసిన అక్షరాన్ని ముక్కుతో పలకాలి తప్ప, నిండు సున్నలాగా ‘మ్’ అనో ‘న్’ అనో ముగించకూడదు. బ్రెజిల్‌లో చాలా ప్రాంతాలవారు ‘తి’ని ‘చి’గా, ‘ది’ని ‘జి’గా పలుకుతారు, అందువల్ల లిస్బన్‌లో ‘దిష్కుతీర్’ అని వినిపించే మాట సావో పావ్‌లోలో ‘జిస్కుచీర్’ అవుతుంది.

ఇంగ్లీషులో ‘షన్’ అని ముగిసే నామవాచకాలు పోర్చుగీసులో సాధారణంగా ‘ఆఁవ్’తో ముగుస్తాయి. డిస్కషన్ ‘దిష్కుసాఁవ్’, సొల్యూషన్ ‘సులుసాఁవ్’ అవుతాయి. ఒపీనియన్ కూడా ఇదే దారిలో ‘ఓపినియాఁవ్’ అయింది. మన బొత్తాం కూడా పోర్చుగీసు ‘బుతాఁవ్’ నుంచి వచ్చినదే, అంటే ఆ ముక్కు పలుకు తెలుగు నోటికి వచ్చేసరికి ‘ఆం’గా స్థిరపడిందన్నమాట. ఈ భావార్థక నామాలన్నీ స్త్రీలింగాలు కనుక వాటి ముందు ‘అ’ అనే ఉపపదం వస్తుంది. బహువచనంలో ‘ఆఁవ్’ పోయి ‘ఓఁయ్ష్’ వస్తుంది: ‘అ ఓపినియాఁవ్’ అంటే అభిప్రాయం, ‘అష్ ఓపినియోఁయ్ష్’ అంటే అభిప్రాయాలు.

ఇక అసలు క్రియ ‘దిష్కుతీర్’కు వద్దాము. ఇంగ్లీషులో డిస్కస్ అనే క్రియ ఎప్పుడూ శాంతంగానే ఉంటుంది. ఇద్దరు ఒక విషయాన్ని డిస్కస్ చేశారంటే వారు గొంతు పెంచారని ఎవరూ అనుకోరు. పోర్చుగీసు క్రియ అలా కాదు. దానికి కర్మ ఉంటే, అంటే ఏ విషయమో చెబితే, చర్చించడమనే అర్థమే ముందుకు వస్తుంది. ‘వాముష్ దిష్కుతీర్ ఉ అసూఁతు న రియునియాఁవ్’ అంటే ఆ విషయాన్ని సమావేశంలో చర్చిద్దాం అని అర్థం. ఇందులో ‘అసూఁతు’ అంటే విషయం, ‘రియునియాఁవ్’ అంటే సమావేశం. కర్మ లేకుండా ‘ఏలష్ దిష్కుతీరాఁవ్’ అని ఊరుకుంటే మాత్రం వినేవారికి తట్టే మొదటి అర్థం వాళ్లు గొడవపడ్డారని. ‘ఫలానావారితో’ అని మాత్రమే చెప్పినా అంతే. కాబట్టి మీ పై అధికారితో మాట్లాడి వచ్చి, ఆయనతో ‘దిష్కుతీర్’ చేశానని సహోద్యోగులకు చెబితే వారు కంగారు పడటం సహజం.

మామూలు సంభాషణకు రెండు క్రియలను అలవాటు చేసుకోండి. ‘ఫలార్’ అంటే మాట్లాడటం, ‘కోఁవెర్సార్’ అంటే ముచ్చటించుకోవడం. ఫలానా దాని గురించి అనడానికి వీటి తరువాత ‘సోబ్ర’ అనే విభక్తి పదాన్ని చేరుస్తారు. ‘కోఁవెర్సాముష్ సోబ్ర ఉ ప్రుబ్లేమ’ అంటే ఆ సమస్య గురించి మాట్లాడుకున్నాం అని. ‘ప్రుబ్లేమ’ చివర ‘అ’ ఉన్నా అది పుంలింగమేనని గమనించండి. ఇక్కడ తెలుగువారి ఇంగ్లీషు గురించి ఒక మాట చెప్పాలి. తెలుగులో ‘దాని గురించి చర్చించాం’ అంటాము కనుక ఇంగ్లీషులో కూడా డిస్కస్ పక్కన అబౌట్ చేర్చడం మనకు అలవాటు. ప్రామాణిక ఇంగ్లీషు దానిని ఒప్పుకోదు. పోర్చుగీసులో మాత్రం ‘దిష్కుతీర్’ తరువాత నేరుగా విషయమూ చెప్పవచ్చు, ‘సోబ్ర’ చేర్చీ చెప్పవచ్చు.

నామవాచకాల దగ్గర చిక్కు మరికొంత పెరుగుతుంది. ఇంగ్లీషు ఆర్గ్యుమెంట్‌కు రెండు అర్థాలు ఉన్నాయి: ఒకటి వాదనలో చూపే హేతువు, రెండవది తగాదా. పోర్చుగీసు ‘అర్గుమేఁతు’ మొదటి అర్థాన్నే తీసుకుంది. దానితోపాటు సినిమా కథనానికి కూడా ఆ మాటను వాడతారు కానీ, తగాదా అనే అర్థంలో వాడరు. తగాదాకు ‘దిష్కుసాఁవ్’ అంటారు. అయితే శాసనసభ వంటి చోట్ల ఇదే ‘దిష్కుసాఁవ్’లో కలహపు ఛాయ ఏమాత్రం ఉండదు. 230 మంది సభ్యులు ఉన్న పోర్చుగల్ పార్లమెంటులో ఒక బిల్లు మీద మొదట దాని మౌలిక ఉద్దేశాన్ని, ఆ తరువాత ఒక్కొక్క నిబంధనను విడిగా చర్చిస్తారు. ఈ రెండు దశలకూ ఆ మాటనే వాడతారు. సభలో, పత్రికలో, టీవీలో జరిగే వాదోపవాదాలకు ‘దెబాత్’ అనే మాట కూడా ఉంది. అది ఇంగ్లీషు డిబేట్‌కు దాదాపు సమానం కనుక దానిని నిస్సంకోచంగా వాడవచ్చు.

క్వశ్చన్ విషయంలోనూ ఇలాంటి జాగ్రత్తే అవసరం. మనం అడిగే ప్రశ్న ‘పెర్గూఁత’. ప్రశ్న అడగడానికి ‘ఫజేర్ ఉమ పెర్గూఁత’ అంటారు. ‘కెష్తాఁవ్’ అంటే ప్రధానంగా తేలవలసిన అంశం. సమావేశంలో ఒక అంశాన్ని లేవనెత్తడం ‘లెవఁతార్ ఉమ కెష్తాఁవ్’. లేవనెత్తడమనే ఊహ తెలుగులోనూ ఉండటం వల్ల ఈ పలుకుబడి మనకు తేలికగా గుర్తుంటుంది.

ఇప్పుడు ఈ మాటలను ఒక నిజమైన చర్చలో పెట్టి చూద్దాము. పోర్చుగీసు మాట్లాడే దేశాల ప్రతినిధులు 1990 డిసెంబరు 16న లిస్బన్‌లో వర్ణక్రమ ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఒప్పందాన్ని ‘అకోర్దు’ అంటారు. పలకని హల్లులను పోర్చుగల్ రాతలో వదిలివేయాలని, కొన్ని గుర్తులను బ్రెజిల్ మానుకోవాలని, మొత్తం మీద రాత వీలైనంత వరకు ఒకటి కావాలని దాని ఉద్దేశం. బ్రెజిల్‌లో 2016 నుంచి అది తప్పనిసరి అయింది. పోర్చుగల్‌లో దాని మీద వాదం ఇప్పటికీ చల్లారలేదు. పాత వర్ణక్రమాన్నే పాటించే రచయితలు, పత్రికలు అక్కడ ఉన్నాయి. విచిత్రమేమిటంటే, పలికే హల్లు నిలవాలి, పలకనిది పోవాలి అనే నియమం వల్లనే కొన్ని తేడాలు మిగిలాయి. ‘వాస్తవం’ అనే మాటను పోర్చుగల్‌లో ‘ఫాక్తు’ అంటారు, బ్రెజిల్‌లో ‘ఫాతు’ అంటారు; పోర్చుగల్‌లో ‘ఫాతు’ అంటే కోటూ ప్యాంటూ కలిసిన సూటు. భాషను ప్రేమించేవారు దాని రాత గురించి ఇంత పట్టుదలగా వాదించుకోవడం నాకు గౌరవం కలిగించే విషయం. పైగా నేర్చుకునేవారికి అభ్యాసానికి ఇంతకంటే తగిన విషయం దొరకదు.

ఈ ఒప్పందం ఉపయోగకరమని మీ అభిప్రాయమైతే ‘ఆషు క ఉ అకోర్దు ఏ ఊతిల్’ అనండి. ‘ఆషు క’ అంటే నేను అనుకుంటున్నాను అని. రోజువారీ మాటల్లో దీనిదే పెద్ద పాత్ర. కొంచెం గంభీరంగా చెప్పదలిస్తే ‘న మీఞ ఓపినియాఁవ్’, అంటే నా అభిప్రాయంలో, అని మొదలుపెట్టవచ్చు. ఉపయోగం లేదని చెప్పాలంటే మాత్రం క్రియ రూపం మారుతుంది: ‘నాఁవ్ ఆషు క ఉ అకోర్దు సేజ ఊతిల్’. ‘అనుకోవడం లేదు’ అన్న తరువాత వచ్చే మాట వాస్తవంగా కాక సందిగ్ధంగా నిలుస్తుంది కనుక ‘ఏ’ స్థానంలో ‘సేజ’ అనే సంభావనార్థక రూపం వచ్చింది. ఇంగ్లీషులో ఇక్కడ ఈజ్ మారదు కాబట్టి, ఇంగ్లీషు మీద ఆధారపడి నేర్చుకునేవారు దీనిని తరచుగా మరిచిపోతారు. ఈ ఒక్క వాక్యాన్ని నోటికి పట్టేవరకు పైకి చదవండి.

ఒప్పుకోవడానికి ‘కోఁకోర్దు’, విభేదించడానికి ‘దిష్కోర్దు’ చాలు. ‘ష్తో ద అకోర్దు’ అన్నా ఒప్పుకుంటున్నాననే అర్థం. ఎదుటివారు చెప్పినది సరైనదేనని ఇంగ్లీషువారు యు ఆర్ రైట్ అంటారు. పోర్చుగీసువారు ‘తేఁయ్ రజాఁవ్’, అంటే మీ పక్షాన న్యాయం ఉంది, అంటారు. దాని వెంట ‘మష్’, అంటే కానీ, చేర్చి మీ అభ్యంతరం చెబితే మాట మెత్తగా ఉంటుంది.

మర్యాద విషయంలో తెలుగు మనకు ఇంగ్లీషు కంటే ఎక్కువ సాయపడుతుంది. స్నేహితుడితో ఏకీభవిస్తే ‘కోఁకోర్దు కోఁతీగు’, పెద్దవారితో అయితే ‘కోఁకోర్దు కోఁసీగు’ అనాలి. మన నువ్వు, మీరు తేడా వంటిదే ఇది. బ్రెజిల్‌లో ‘కోఁ వొసే’, అంటే నీతో లేదా మీతో, అన్నది సర్వసాధారణం. పోర్చుగల్‌లో ‘వొసే’ అనే సర్వనామం కొందరికి మొరటుగా వినిపిస్తుంది కనుక, అక్కడ పరిచయం లేని పెద్దలను ‘ఉ సెఞోర్’ అనో ‘అ సెఞోర’ అనో సంబోధించడం మంచిది.

చర్చలో తరచుగా దొర్లే మరో మూడు మాటలు ఉన్నాయి. ‘అతువాల్‌మేఁత’ అంటే ప్రస్తుతం. ఇంగ్లీషు యాక్చువల్లీకి సరిపోయేది ‘న వెర్దాద్’. ‘ఇవేఁతువాల్‌మేఁత’ అంటే ఒకవేళ వీలైతే అని; ఇంగ్లీషు ఈవెంచువల్లీలాగా చివరికి అనే అర్థం దానికి లేదు. ‘ప్రతేఁదేర్’ అంటే ఉద్దేశించడం. నటించడానికి ‘ఫిఁజీర్’ అనే వేరే క్రియ ఉంది.

అభ్యాసంగా ఈ నాలుగు వాక్యాలను పోర్చుగీసులోకి మార్చండి: నిన్న ఆ సమస్య గురించి మాట్లాడుకున్నాం, నిన్న వాళ్లు గొడవపడ్డారు, మీరన్నది నిజమే కానీ ఈ పరిష్కారం మంచిదని నేను అనుకోవడం లేదు, నేను ఒక ప్రశ్న అడగాలనుకుంటున్నాను. కొత్తగా కావలసిన మాటలు ఇవి: నిన్న ‘ఓఁతేఁయ్’, ఈ ‘ఏష్త’, మంచిది ‘బోవ’, ఉద్దేశిస్తున్నాను ‘ప్రతేఁదు’. మూడవ వాక్యంలో క్రియ రూపాన్ని సరిచూసుకోండి. జవాబులు, సంభావనార్థక రూపాల పూర్తి పట్టిక 10వ పాఠంలో వస్తాయి.