కొత్త కెమెరా, పాత సాఫ్ట్‌వేర్: కార్డు ఫార్మాట్ కొట్టే ముందు

తెలిసిన ఫొటోగ్రాఫర్ ఒకాయన ఈమధ్య ఒక పెళ్లంతా కొత్త కెమెరాతో తీశాడు. ఏళ్లుగా వాడుతున్న పాత ట్రాన్స్‌ఫర్ సాఫ్ట్‌వేర్‌తోనే ఫైళ్లు కంప్యూటర్‌లోకి ఎక్కించాడు. ఫొటోలన్నీ వరసగా కనిపించాయి. కార్డు ఫార్మాట్ కొట్టేశాడు. మర్నాడు ఎడిటింగ్‌కి కూర్చుంటే ఒక్క రా (RAW) ఫైలూ తెరుచుకోలేదు. రా అంటే కెమెరా సెన్సర్ పట్టిన డేటాను దాచే అసలు ఫైల్.

కొత్త కెమెరా ఫైళ్లను పాత సాఫ్ట్‌వేర్‌తో వాడేటప్పుడు ఏం చూసుకోవాలో చెబుతున్నా.

ఆయనకు కనిపించింది రా కాదు. రా ఫైల్ లోపల కెమెరా ఒక జేపెగ్ కూడా పెడుతుంది. చాలాసార్లు థంబ్‌నెయిల్‌గా కనిపించేది అదే. సెన్సర్ డేటా పాడైనా ఆ జేపెగ్ నిక్షేపంగా కనిపించవచ్చు. దాన్ని నమ్మి కార్డు ఫార్మాట్ చేయడమే కొంప ముంచుతోంది.

పాడు చేసేది ఎవరంటే, కాపీ చేస్తూనే మీ పేరు, కాపీరైట్, కీవర్డ్‌లు రా ఫైల్ లోపల రాసే పాత ప్రోగ్రాములు. కొత్త ఫైల్ అమరిక వాటికి తెలియదు. అయినా రాసేస్తాయి. 2018లో కెనాన్ ఎం50 కెమెరాతో ఆ కంపెనీ పాత రా రకం సీఆర్2 పోయి కొత్తది సీఆర్3 వచ్చినప్పుడు పాత సాఫ్ట్‌వేర్ ఆ ఫైళ్లను తెరవనే లేదు. అదే నయం, వెంటనే తెలిసిపోయింది. ఎక్స్‌టెన్షన్ పాతదే ఉండి లోపల మారిన ఫైళ్లతోనే భయం.

పాత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వదలలేనివాళ్లకు ఒక దారి ఉంది: రా ఫైల్‌ని డీఎన్‌జీకి, అంటే అడోబి కంపెనీ తెచ్చిన ఉమ్మడి రా రకానికి, మార్చుకోవడం. అడోబి ఫొటో ఎడిటర్ లైట్‌రూమ్ 6 సంగతే చూడండి: 2017 డిసెంబర్‌లో 6.14తో కొత్త కెమెరాల సపోర్ట్ ఆగిపోయింది. అడోబి డీఎన్‌జీ కన్వర్టర్ ఉచితమే, తాజా వెర్షన్ తీసుకోండి. ప్రిఫరెన్సెస్‌లో కంపాటిబిలిటీని మీ పాత సాఫ్ట్‌వేర్‌కి సరిపడేలా పెట్టండి. లాసీ కంప్రెషన్ (కొంత డేటా వదిలేసి ఫైల్‌ని కుదించడం) వద్దు.

ఇక మిగతావి:

- కార్డు నుంచి మామూలు కాపీ, పేస్ట్. ట్రాన్స్‌ఫర్ ప్రోగ్రామ్ ముట్టుకోవద్దు.
- కెమెరా కంపెనీ ఇచ్చే తాజా సాఫ్ట్‌వేర్‌లో కొన్ని ఫైళ్లు తెరిచి, 100 శాతం జూమ్‌లో చూడండి. థంబ్‌నెయిల్ చూసి ఫార్మాట్ కొట్టకండి.
- మొదటి కొన్ని పనులకు రా ప్లస్ జేపెగ్ పెట్టి తీయండి.
- కెమెరాలోని రా కంప్రెషన్ పద్ధతుల్లో కొత్తగా వచ్చినదాని జోలికి పోకండి. పాత పద్ధతి ఉంటే అదే.
- డీఎన్‌జీ వచ్చింది కదా అని అసలు రా తీసేయకండి. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లు చాలావరకు ఆ డీఎన్‌జీని తెరవవు.
- ఫైల్‌లో కెమెరా మోడల్ పేరు మార్చి పాత సాఫ్ట్‌వేర్‌ని బురిడీ కొట్టించే చిట్కా ఒకటి తిరుగుతోంది. రంగులు తప్పుతాయి, హైలైట్లు గులాబీ రంగుకి తిరగొచ్చు. చేసి తీరాలంటే కాపీ మీద చేయండి. అసలు ఫైల్ మీద వద్దు.
- పని ముందురోజు కెమెరాను గానీ సాఫ్ట్‌వేర్‌ను గానీ అప్‌డేట్ చేయకండి.
- మళ్లీ చెబుతున్నా, రా తెరిచి చూసేదాకా కార్డు ఫార్మాట్ చేయొద్దు.
- చేసేశారా? ఆ కార్డుతో ఇంకొక్క ఫ్రేమ్ కూడా తీయకండి. క్విక్ ఫార్మాట్ అయితే డేటా చాలావరకు అలాగే ఉంటుంది. కార్డు పక్కన పెట్టి రికవరీ సాఫ్ట్‌వేర్ నడపండి, దొరికినవి వేరే డిస్క్‌లోకి తీయండి.