ఊపిరితిత్తుల్లో పెట్టిన వాల్వు ఇబ్బంది పెడుతుంటే: లక్షణం, కారణం, పరిష్కారం

ఎంఫిసీమాతో (ఊపిరితిత్తుల్లోని గాలి గదులు దెబ్బతినే జబ్బు) ఉబ్బిపోయిన ఊపిరితిత్తి భాగంలోకి గాలి పోకుండా శ్వాసనాళంలో పెట్టే వన్‌వే వాల్వులను అవసరమైతే గొంతు గుండా లోపలికి పంపే కెమెరా గొట్టం, అంటే బ్రాంకోస్కోప్‌తో తీసేయొచ్చు. కోత ఉండదు. అలాగని ఏ ఇబ్బంది వచ్చినా తీయించుకోనక్కర్లేదు.

ఉన్నట్టుండి ఛాతీలో పోటు, ఆయాసం
ముందు అనుమానించాల్సింది న్యుమోథొరాక్స్, అంటే ఊపిరితిత్తి చుట్టూ ఛాతీలో గాలి చేరడం. వాల్వులు పెట్టిన భాగం కుంచించుకుపోతే పక్క భాగం ఒక్కసారిగా సాగి చిరగొచ్చు, గాలి బయటికి లీకవొచ్చు. ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే వస్తుంది. ఇంట్లో ఉండగా వస్తే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఛాతీలో ట్యూబు వేసినా లీకు రోజుల తరబడి ఆగకపోతే ఒకటో రెండో వాల్వులు తీస్తారు.

జ్వరం, చిక్కటి కఫం
ఇన్ఫెక్షన్. ముందు యాంటీబయాటిక్స్, లొంగకపోతేనే తీయడం.

మొదటి నుంచీ తేడా లేదు
వాల్వు సరిగ్గా కూర్చోలేదు, లేదా పక్క భాగం నుంచి గాలి దొడ్డిదారిన వస్తోంది. మొదటిదైతే మార్చి పెడతారు. రెండోదైతే వాల్వులు ఉంచి లాభం లేదు.

కొన్నాళ్లు బాగుండి మళ్లీ ఆయాసం, ఆగని దగ్గు, కఫంలో రక్తపు చారలు
వాల్వు జరిగి ఉండొచ్చు, దగ్గులో బయటికే వచ్చేసి ఉండొచ్చు. లేదంటే చుట్టూ గ్రాన్యులేషన్ కండ (ఒరిపిడికి గాయమైన చోట పెరిగే అదనపు కండ) పెరిగి ఉంటుంది. అసలు చిక్కు దీంతోనే. మామూలుగా అయితే మత్తిచ్చి, కఫం పీల్చేసి, సన్నటి పట్టుకారు లాంటి ఫోర్సెప్స్‌తో వాల్వు ఫ్రేమును పట్టి మెల్లగా లాగుతారు. గొడుగు ఆకారపు రకానికైతే మధ్యలో పట్టుకోడానికే ఒక కడ్డీ ఉంటుంది. వాల్వు స్కోపు లోపలి సన్నటి దారిలో (చానెల్) పట్టదు కాబట్టి స్కోపు, ఫోర్సెప్స్, వాల్వు మూడూ కలిసే బయటికి రావాలి. దారిలో జారిపడే చోటు స్వరపేటిక దగ్గర. అందుకే చాలామంది డాక్టర్లు ముందే గొంతులో ట్యూబు వేసుకుంటారు. కండ కమ్మేసిన వాల్వును బలంగా లాగితే రక్తం కారుతుంది, నాళం గోడ చిరగొచ్చు. క్రయోతోనో (అతి చల్లదనంతో గడ్డకట్టించడం) కాటరీతోనో (వేడితో కాల్చడం) కండను తొలగించాకే లాగడం మంచిది. కొత్త వాల్వు వెంటనే పెట్టరు, పుండు మానడానికి కొన్ని వారాలు ఆగుతారు.

రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే డాక్టరుకు చెప్పండి, సొంతంగా ఆపకండి. తీశాక కాస్త గొంతు నొప్పి, కొద్దిగా రక్తపు చార మామూలే. రక్తం ఎక్కువగా పడినా, ఆయాసం పెరిగినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. వాల్వులు ఏ రకం, ఎన్ని, ఎక్కడ పెట్టారో రాసిన పాత రిపోర్టు వెంట తీసుకెళ్లండి. తీసినవీ లోపల మిగిలినవీ కలిపితే ఆ లెక్క సరిపోవాలి.