పిల్ల తాబేలు పెంపకం – 4వ పాఠం: చిప్ప నున్నగా పెరగాలంటే తేమ ఎక్కడ ఉండాలి?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారు కదా? వారానికోసారి తాబేలును తూచి, పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి ఫోటో తీసి, తేదీ వేసి దాచమన్నాను. పక్కనుంచి తీసిన ఫోటోలు ఇప్పుడు వరసగా పెట్టి చూడండి. వీపు గీత ఒకే వంపుగా సాగుతోందా, లేక ఒక్కో పలక మధ్యలో ఎత్తుగా, పలకల నడుమ లోయలా కనిపిస్తోందా? రెండోదే పిరమిడింగ్, అంటే చిప్ప మీద గుట్టలు లేవడం. మొదట్లో అది కంటికి ఆనదు. వేలితో తడిమితే తెలుస్తుంది.

వీపు మీద పెద్ద పలకలు మామూలుగా 13 ఉంటాయి. మధ్య వరుసలో 5, అటూ ఇటూ నాలుగేసి. అంచు పలకలు వేరు. మన గోళ్లలాగే ఇవీ కెరాటిన్‌తో తయారవుతాయి, వీటి అడుగున ఎముక ఉంటుంది. పక్క పలకతో కలిసే అతుకు దగ్గర కొత్త కెరాటిన్ వేసుకుంటూ ఒక్కో పలకా వెడల్పవుతుంది. బాగా ఎదిగే పిల్లలో అతుకుల వెంట లేత రంగు గీత కనిపించేది అందుకే. ఈ కొత్త పొర తేమతో మెత్తగా ఉంటే పక్కకు సాగుతుంది. ఎండి బిగుసుకుపోతే పక్కకు సాగలేక కిందికి మందమవుతుంది, పలక మధ్య భాగం పైకి లేచిపోతుంది. అనుభవమున్న పెంపకందార్లు ఎక్కువగా ఒప్పుకునే వివరణ ఇదే.

‘ప్రొటీన్ ఎక్కువై గుట్టలు వచ్చాయి’ అనే మాట మీరు వినే ఉంటారు. 2003లో ఆస్ట్రియా పరిశోధకులు సల్కాటా అనే ఆఫ్రికా తాబేలు పిల్లలను వేర్వేరు తేమల్లో, వేర్వేరు ప్రొటీన్ మోతాదులతో పెంచి చూశారు. పొడి గాలిలో పెరిగినవాటికే గుట్టలు ఎక్కువ లేచాయి. ప్రొటీన్ ప్రభావం స్వల్పంగానే కనిపించింది. అలాగని గడ్డి తినే తాబేలుకు కుక్కల ఆహారం పెట్టకండి, దాని హాని వేరే ఉంది.

తేమ ముఖ్యమని తెలిసి కూడా నేను ఒక పొరపాటు చేశాను. నా మొదటి పిల్ల తాబేలు తొట్టిలో హైగ్రోమీటర్‌ను, అంటే గాలిలో తేమ కొలిచే మీటరును, పైన గోడకు అంటించాను. అది రోజూ 70 శాతం చూపించేది, నేను నిశ్చింతగా ఉండేవాణ్ణి. ఏడు నెలలకు గుట్టలు కనిపించాయి. అప్పుడు మీటరు తీసి తాబేలు పడుకునే చోట, నేల మీద పెడితే 40 దగ్గర నిలిచింది. ఆ గుట్టలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి, ఇక పోవు. ఆ తర్వాత పెరిగిన భాగం మాత్రం నున్నగా వచ్చింది. అందుకే ఈ పాఠంలో కొలవడం గురించే ఎక్కువ చెబుతున్నాను.

వైరు చివర సెన్సర్ ఉండే డిజిటల్ మీటరు తీసుకోండి. సెన్సర్ తాబేలు వీపు ఎత్తులో ఉండాలి. పడుకునే గూడు, వేడినిచ్చే దీపం కింద, దీపానికి దూరంగా ఉన్న మూల, ఈ మూడు చోట్లా గంటసేపు ఉంచి రాసుకోండి. సల్కాటా, నక్షత్ర తాబేలు, లెపర్డ్ తాబేలు వంటి జాతుల పిల్లలకు మొత్తం మీద 75–80 శాతం, గూట్లో అంతకన్నా ఎక్కువ ఉండాలి. ‘ఇది పొడి నేలల జాతి కదా, తేమ ఎందుకు’ అన్న అనుమానం రావచ్చు. పిల్ల తాబేళ్లు రోజంతా ఎండలో తిరగవు. బొరియల్లో, ఆకుల కింద, గడ్డి దుబ్బుల్లో దాక్కుంటాయి, అక్కడి గాలి బయటికన్నా తేమగా ఉంటుంది.

మూత లేని తొట్టిలో ఈ అంకె నిలబెట్టడం దాదాపు అసాధ్యం. పైభాగాన్ని చాలావరకు మూసేయండి. అడుగున 8–10 సెంటీమీటర్ల మందాన కొబ్బరి పొట్టు వేసి, నీళ్లు మూలల్లో పోయండి. కింది పొర తడిగా, పై పొర చెమ్మగా ఉండాలి. పిడికిట పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, నీరు కారకూడదు. పైపొర చిత్తడిగా ఉంటే పొట్టవైపు చిప్ప పాడవుతుంది. గూటికి ముదురు రంగు ప్లాస్టిక్ డబ్బా బోర్లించి వాకిలి కోస్తే చాలు. లోపల తడిపి గట్టిగా పిండిన స్ఫాగ్నమ్ నాచు పరచండి. పిల్ల రోజులో ఎక్కువసేపు గడిపేది అక్కడే.

దీపం విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. సన్నటి వెలుగును ఒకే చోట గుచ్చే స్పాట్ బల్బు పిల్లలకు వద్దు. చుట్టూ గాలి తేమగా ఉన్నా అది వీపును ఎండబెట్టేస్తుంది. వేడి వెడల్పుగా పరుచుకునే బల్బు వాడి, దాని కింద వీపు ఎత్తులో 32–35 డిగ్రీలు ఉండేలా చూడండి. రాత్రి వెలుగివ్వని సిరామిక్ హీటరుతో 26–27కు తగ్గకుండా కాపాడండి. తేమ, చలి కలిస్తే ఊపిరితిత్తులకు జబ్బు చేస్తుంది. ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం కనిపిస్తే ఆ రోజే వైద్యుడికి చూపించండి.

రోజూ 20 నిమిషాలు గోరువెచ్చని నీటిలో కూర్చోబెట్టండి. పై చిప్ప, కింది చిప్ప కలిసే చోటు దాకా నీరు చాలు, తల ఎప్పుడూ పైనే ఉండాలి. పక్కనుంచి కదలకండి. ఆ నీళ్లలోనే పెంట వేయడం మామూలే, వెంటనే మార్చండి. వీపు మీద నీళ్లు చిలకరించండి, నూనె మాత్రం రాయవద్దు.

రెండు జాగ్రత్తలు. నక్షత్ర తాబేళ్లలో కొంత గుట్ట సహజంగానే ఉంటుంది, కాబట్టి వేరే జాతితో పోల్చి టెన్షన్ పడకండి. నెలలు గడిచినా చిప్ప నొక్కితే లొంగుతుంటే అది పిరమిడింగ్ కాదు, ఎముకల జబ్బు కావచ్చు. వైద్యుణ్ణి కలవండి.

ఈ వారం పని: మూడు చోట్ల, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, ఏడు రోజులు తేమా వేడీ రాయండి. గూట్లో అంకె 75 కన్నా దిగిన రోజున ఏం మారిందో పక్కన రాసుకోండి. 5వ పాఠంలో కాల్షియం, యూవీబీ (ఒక రకం అతినీలలోహిత కిరణాలిచ్చే) దీపం గురించి మొదలుపెట్టేటప్పుడు ఆ కాగితం మీ దగ్గర ఉండాలి.